మీట ఎవరి చేతిలో ఉంది?



ఇదివరకు ఈ శీర్షికలో అప్పులను గురించి, కట్నకానుకలను గురించి, పిల్లల చదువులను గురించి కలిసి ఆలోచించాము. ఈ నెల ఒక కొత్త వస్తువును గురించి వ్రాయవలసి వచ్చింది. దాని పేరు మొదటిసారి విన్నప్పుడు మాకు కూడ తప్పుగానే వినబడింది. దీనిలోని సంగతులు ఆ కుటుంబంవారి అనుమతితోనే వ్రాస్తున్నాము. పేర్లు, ఊర్లు మాత్రం చెప్పడం లేదు. చదివేవారు అది ఎవరై ఉంటారని వెదకవద్దని ముందుగానే మనవి.

వేప కాదు, వేప్

ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత ఒక తల్లి మా దగ్గరకు వచ్చి సంతోషంగా చెప్పింది. "అయ్యగారూ, మా పెద్దోడు బీడీ మానేశాడు. బెంగుళూరులో ఎవరో మంచి మందు చెప్పినారంట. ఇప్పుడు వేప పీలుస్తున్నాడు. స్తోత్రం చెప్పండయ్యా." వేపాకు కాచిన ఆవిరి పట్టుకుంటున్నాడేమో అనుకొని మేము కూడ ప్రభువుకు స్తోత్రం చెల్లించాము. వేపచెట్టు మన ప్రాంతంలో ప్రతి వాకిట ఉంది గదా!

ఆ సాయంత్రమే ఆ కుమారుడు మా ఇంటికి వచ్చాడు. ఇరవై ఆరేళ్ళవాడు. బెంగుళూరులో టైల్స్ పని చేస్తాడు. మార్కాపురం, కంభం, గిద్దలూరు స్టేషన్లలో మూట నెత్తిన పెట్టుకొని నంద్యాల మీదుగా పోయే రైలెక్కే మన పిల్లలలో అతడొకడు. రెండు నెలలలో అతని పెండ్లి మన సంఘంలోనే జరుగవలసి ఉంది. తలుపు దగ్గరకు వేసి, జేబులోనుండి రెండు వస్తువులు తీసి బల్లమీద పెట్టాడు. లావుపాటి పెన్నుల వలె ఉన్నాయి. రెండూ ఇంచుమించు ఒకే పొడవు. ఒకదానికి అడుగున తిప్పే చక్రం ఉంది, దానిమీద 3.3 నుండి 4.8 వరకు అంకెలు. రెండవదానికి ఒక మీట. నొక్కితే మూడు రంగులలో దీపం మారుతుంది. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క వోల్టేజి.

"అయ్యగారూ, ఇది నాది, అది నా స్నేహితుడిది. నాది పాతబడింది. కొత్తది కొనాలి. మీరు చదువుకున్నవారు గదా, ఈ రెండు రకాల్లో ఏది తక్కువ చెరుపో చెప్పండి. పెండ్లయినాక అది ఒక్కటే ఉంచుకుంటాను."

వేప్ అంటే అప్పుడు తెలిసింది మాకు. ఎలక్ట్రానిక్ సిగరెట్. పొగాకులోని నికోటిన్ అనే మత్తు పదార్థాన్ని ద్రవంలో కలిపి, బ్యాటరీ బలంతో కాచి, ఆవిరిగా పీల్చే యంత్రం.

మాస్టారి పలక మీద లెక్క

తెలియని సంగతికి వెంటనే జవాబు చెప్పడం కాపరికి తగదు. మా సంఘపెద్దలలో ఒకరు హైస్కూలులో భౌతికశాస్త్రం బోధించి రిటైరయ్యారు. మరునాడు ఆ తమ్ముడిని వెంటబెట్టుకొని మాస్టారి ఇంటికి వెళ్ళాము. ఆయన మనుమరాలి పలక తీసుకొని లెక్క వేసి చూపించారు. మన మార్కాపురం పలక ఎన్ని అక్షరాలు నేర్పిందో గాని, ఈ పాఠం నేర్పడం ఇదే మొదటిసారి అయి ఉంటుంది.

యంత్రం లోపల సన్నని లోహపు తీగ చుట్టబడి ఉంటుంది. కరెంటు పొయ్యిలోని తీగ వంటిదే. బ్యాటరీ దానిని కాల్చుతుంది. దానికి ఆనుకొని ఉన్న వత్తి ద్రవాన్ని పీల్చుకుంటుంది. వేడికి ద్రవం ఆవిరవుతుంది. వోల్టేజిని పెంచితే వేడి దానితో సమానంగా పెరుగదు, ఇంకా ఎక్కువగా పెరుగుతుంది. మాస్టారు వ్రాసిన లెక్క ఇది: తీగ నిరోధం 2 ఓములు అనుకుంటే, 3.3 వోల్టుల దగ్గర తీగకు అందే శక్తి సుమారు 5.4 వాట్లు. చక్రాన్ని 4.8కి తిప్పితే సుమారు 11.5 వాట్లు. వోల్టేజి ఒకటిన్నర రెట్లు కూడ కాలేదు, వేడి రెండు రెట్లు దాటింది.

"మరి తక్కువ అంకె ఉన్నది మంచిదే గదా మాస్టారూ?" అన్నాడు తమ్ముడు.

"అదీ కాదబ్బాయ్" అని మాస్టారు పలక తుడిచి మరల వ్రాశారు. రెండు యంత్రాలనూ 4 వోల్టుల దగ్గరే పెట్టు. ఒకదానిలో తీగ 2 ఓములైతే 8 వాట్లు. రెండవదానిలో 1 ఓము అయితే 16 వాట్లు. పైన అంకె ఒకటే, లోపల మంట రెండింతలు. కనుక పైన కనిపించే అంకెలను పక్కపక్కన పెట్టి ఇది మంచిది, అది చెడ్డది అనడానికి వీలులేదు. తీగ ఏదో, వత్తి ఏదో, సీసాలో పోసిన ద్రవం ఏదో తెలిస్తేనే పోల్చగలము.

వేడి పెరిగితే ఏమవుతుంది? ఆ ద్రవంలో ఎక్కువ భాగం ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ అనే పదార్థాలు. మితిమీరి కాగితే అవి విరిగి ఫార్మాల్డిహైడ్ వంటి విషాలు పుడతాయి. కాలేజీలలో చచ్చిన కప్పలను నిలువచేయడానికి వాడే ఫార్మలిన్ దీనినుండే తయారవుతుంది. 2015లో అమెరికాలోని పోర్ట్‌లండ్ స్టేట్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఇట్టి యంత్రాన్నే పరీక్షించి, 3.3 వోల్టుల దగ్గర ఆ విషపు జాడ కనబడలేదనీ, 5 వోల్టుల దగ్గర కనబడిందనీ ప్రకటించారు. అంత వేడిలో మాడు రుచి వస్తుంది గనుక మనుష్యులు పీల్చరని మరికొందరు శాస్త్రవేత్తలు ఆక్షేపించారు. రెండు మాటలూ చెప్పడం న్యాయం. వేడి ఎక్కువైతే చెరుపు ఎక్కువ అనేదానిలో మాత్రం తగాదా లేదు.

అప్పుడు మేము తమ్ముడిని అడిగాము. "నీవు కొన్నప్పుడు ఈ చక్రం ఎక్కడ ఉండేది నాయనా?"

"3.3 దగ్గర అయ్యగారూ."

"ఇప్పుడు?"

అతడు దానిని చేతిలోకి తీసుకొని చూశాడు. "4.5."

"ఎవరు తిప్పారు?"

"నేనే తిప్పాను." కొంతసేపు ఊరకుండి, "నేను తిప్పినట్టే ఉంది గాని, అదే తిప్పించిందయ్యగారూ" అన్నాడు.

ప్రియులారా, ఏ యంత్రం మంచిదన్న ప్రశ్నకు జవాబు ఆ మాటలో వచ్చేసింది. వోల్టేజి మార్చుకునే వీలు ఉన్నదంటే అధికారం మన చేతిలో ఉన్నదని మనం అనుకుంటాము. మీట మన చేతిలోనే ఉంటుంది. కాని చేయి ఎవరి వశంలో ఉంది? అన్నిటికీ స్వేచ్ఛ ఉన్నా దేనికీ లోబడనని అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయంలో తీర్మానించుకున్నాడు. మనము కూడ అదే తీర్మానానికి రావాలి.

పొగ లేదు గనుక హాని లేదా?

"పొగ లేదు, బూడిద లేదు, వాసన లేదు, ఇంక చెడు ఎక్కడ?" అని తమ్ముడు అడిగాడు. దీనికి జవాబు మన చేలలోనే ఉంది.

కొనకనమిట్ల, తర్లుపాడు, పొదిలి, కనిగిరి వైపు పొగాకు చేలలో పనిచేసిన అక్కచెల్లెండ్రు ఈ పత్రిక చదువుతున్నారు. మంచు తడి ఆరకముందే ఆకు కొట్టిన రోజున తల తిరగడం, కడుపులో తిప్పడం, వాంతులు మీకు తెలియనివి కావు. ఎవరూ చుట్ట కాల్చలేదు, ఎవరూ పొగ పీల్చలేదు. తడి ఆకులోని నికోటిన్ చర్మంగుండా రక్తంలోకి దిగుతుంది. డాక్టర్లు దీనిని పచ్చి పొగాకు జబ్బు అంటారు. నికోటిన్ పని చేయడానికి పొగ అక్కరలేదు. గుండె వేగాన్ని, రక్తపోటును పెంచేది, మనస్సును కట్టివేసేది అదే. ఎదుగుతున్న పిల్లల మెదడుకు, కడుపులోని శిశువుకు అది హానికరం. ఇంట్లో ఆ సీసా పసిబిడ్డ చేతికి చిక్కి కొంచెం లోపలికి పోయినా ప్రాణాపాయమే.

ఆ పంట మీదనే మన సంఘాలలో ఎన్నో కుటుంబాలు బ్రతికాయి. పొదిలి, కనిగిరి వేలం కేంద్రాలలో బేళ్ళు అమ్ముడుపోతేనే పిల్లల ఫీజులు కట్టిన తల్లిదండ్రులున్నారు. ఆ డబ్బులోనుండి వచ్చిన దశమభాగం మన కానుక పెట్టెలో పడింది, దానిలోనుండి మేమూ తిన్నాము. కనుక పొగాకును గురించి మాట్లాడేటప్పుడు మేము వేరే లోకంనుండి వచ్చినవారివలె మాట్లాడలేము. ఎవరిపైనా రాయి వేయడానికి మా చేతులు శుభ్రంగా లేవు.

న్యాయంగా చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. బీడీ, సిగరెట్, చుట్ట కాలినప్పుడు పుట్టే తారు, బొగ్గుపులుసు వాయువుకంటె విషమైన కార్బన్ మోనాక్సైడ్ ఈ యంత్రంలో పుట్టవు. ఇంగ్లాండులో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2015లో ఇవి సిగరెట్టు కంటె సుమారు 95 శాతం తక్కువ హానికరమని అంచనా వేసింది. ఆ అంకెను ప్రశ్నించిన వైద్యులూ ఉన్నారు. అక్కడ సిగరెట్ మానడానికి దీనిని ఒక ఊతకర్రగా ఇస్తారు. అయితే అక్కడ ద్రవంలో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించి నికోటిన్ ఉండరాదని చట్టం ఉంది. సీసాలో ఏముందో తనిఖీ ఉంది.

మన దేశంలో సంగతి వేరు. 2019 సెప్టెంబరు 18న కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా వీటిని నిషేధించింది. ఆ డిసెంబరులో అది చట్టమైంది. తయారుచేసినా, దిగుమతి చేసినా, అమ్మినా, ప్రకటనలు ఇచ్చినా మొదటి తప్పుకు ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మరల చేస్తే మూడేండ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. కనుక ఇక్కడ దొరికేదంతా చాటుమాటు సరుకే. సీసామీద ఏమి వ్రాసి ఉన్నా దానికి పూచీ పడేవారు లేరు. 2019లో అమెరికాలో వేప్ పీల్చినవారికి ఊపిరితిత్తులు హఠాత్తుగా దెబ్బతిన్నాయి. 2020 ఫిబ్రవరి 18 నాటికి 2,807 మంది ఆస్పత్రి పాలయ్యారు లేక మరణించారు; మృతులు 68 మంది. వారిలో ఎక్కువమంది గంజాయి నూనె కలిపిన సరుకు వాడినవారు. దానిలో కల్తీ చేసిన విటమిన్-ఇ అసిటేట్ అనే పదార్థమే ముఖ్య కారణమని తేలింది. చాటున కొన్న సీసాలో ఏముందో పీల్చేవాడికి ఎట్లా తెలుస్తుంది?

సోయరులో ఆగినవారు

మొట్టమొదట ఈ యంత్రాన్ని 2003లో చైనాలో హోన్ లిక్ అనే ఫార్మసిస్టు తయారుచేశాడు. తాను విపరీతంగా సిగరెట్లు కాల్చేవాడు. మానాలనే దీనిని కనిపెట్టాడు. ఉద్దేశం మంచిదే. మా తమ్ముడు కూడ మానాలనే మొదలుపెట్టాడు. కాని ఏమి జరిగిందో అతడే చెప్పాడు.

"బీడీ అయితే రోజుకు పదిహేను అయ్యగారూ. బయటికి పోవాలి, అంటించాలి, అయిపోతే పారెయ్యాలి. దీనికి అయిపోవడం లేదు. లేచింది మొదలు పడుకునేదాకా జేబులోనే. రగ్గు కప్పుకొని కూడ పీలుస్తాను. వాసన రాదు గదా, ఎవరికీ తెలీదు." తల వంచుకొని ఇంకొక మాట చెప్పాడు. "రాత్రిపూట మేస్త్రీలతో కూర్చున్నప్పుడు బీడీలు రెండు మాత్రం..."

తల్లి స్తోత్రం చెల్లించిన విడుదల ఇది! ఒక సంకెల తీసి రెండు తగిలించుకున్నాడు.

ఆదికాండము 19వ అధ్యాయంలో లోతును జ్ఞాపకం చేసుకోండి. సొదొమ నాశనమయ్యే వేళ, కొండకు పారిపొమ్మని దేవదూతలు చెప్పారు. అతడు కొండకు వెళ్ళడానికి భయపడి, దగ్గరలో ఉన్న సోయరు అనే ఊరిని చూపించి, అది ఎంతో చిన్న ఊరు గనుక అక్కడికి పోనిమ్మని బ్రతిమాలుకున్నాడు. దేవుడు దయతో ఒప్పుకున్నాడు. అతని నిమిత్తం ఆ ఊరిని కాల్చలేదు. బలహీనుని మీద ఆయన కనికరం అట్టిది. కాని అధ్యాయం అక్కడ ముగియలేదు. లోతు సోయరులో నిలువలేకపోయాడు. భయపడి, తుదకు మొదట చెప్పిన కొండకే వెళ్ళవలసి వచ్చింది.

చుట్టనుండి బీడీకి, బీడీనుండి సిగరెట్టుకు, సిగరెట్టునుండి వేప్‌కు, ఆ వేప్‌లోనూ ఈ రకంనుండి ఆ రకానికి - ఇవన్నీ సోయరులే. ప్రతిదానిని చూపించి చిన్నదే గదా అంటాము. దారిలో ఒక రాత్రి ఆగడం వేరు, అక్కడ ఇల్లు కట్టుకోవడం వేరు. మా తమ్ముడు పెండ్లయిన తరువాత ఉంచుకోవడానికి ఒక సోయరును ఎంచిపెట్టమని మమ్మును అడిగాడు. మేము ఎంచిపెట్టలేదు.

మా తప్పు ఒకటి

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. వేదాంత డిప్లొమా ముగించుకొని సేవకు వచ్చిన కొత్తలో, మా సంఘంలో చుట్ట కాల్చే అవ్వ ఒకరు ఉండేవారు. ఆమె ముందు వరుసలో కూర్చునేది. ఒక ఆదివారం ప్రభువు బల్లకు ముందు, దేహము దేవుని ఆలయమని ప్రసంగిస్తూ, ఆలయంలో పొగ గొట్టం పెట్టినవారు కొందరున్నారని మేము ఆమె వైపు చూసి అన్నాము. జనం నవ్వారు. అవ్వ లేచి వెళ్ళలేదు. బల్లలో మాత్రం పాలుపుచ్చుకోలేదు. ఆ తరువాత రాలేదు.

పిలవడానికి రెండుసార్లు వెళ్ళాము, కాని క్షమాపణ అడగలేదు. ప్రసంగంలో తప్పేముందని అప్పుడు అనుకున్నాము. ఆమె ఆఖరి జబ్బులో చూడటానికి వెళ్ళినప్పుడు మా చేయి పట్టుకొని, "నోరు బాగా కడుక్కొని వద్దామనే ప్రతి ఆదివారం అనుకునేదాన్నయ్యా. ఎంత కడిగినా వాసన పోలేదు" అన్నది. అప్పుడు అడిగాము క్షమాపణ. ఆమె క్షమించింది. కాని ఆ ఖాళీ అయిన ఆదివారాలను ఎవరు తిరిగి ఇస్తారు?

నలిగిన రెల్లును విరిచేవాడు కాదనీ, ఆరీ ఆరక పొగలు గ్రక్కే వత్తిని ఆర్పివేసేవాడు కాదనీ యెషయా 42వ అధ్యాయం మన ప్రభువును గురించి చెబుతుంది. ఆ వత్తిని మేము ఊది ఆర్పాము. అందుకే ఆ తమ్ముడు యంత్రాలు బల్లమీద పెట్టినప్పుడు కోపం రాక మునుపే ఆ అవ్వ మాట మాకు వినబడింది. దాచుకోకుండా మన దగ్గరకు తెచ్చాడంటే అప్పటికే సగం దూరం నడిచి వచ్చాడని అర్థం. సంఘం తలుపు అతని ముఖానే వేస్తే మిగిలిన సగం ఎటు నడుస్తాడు?

పెండ్లివారి ప్రశ్న

ఇంతలో అసలైన పరీక్ష వచ్చింది. పెండ్లికూతురి తండ్రి మాకు ఫోను చేశారు. మన పెండ్లిళ్ళలో ఇది మామూలే. "అయ్యగారూ, మీ మాట మీదనే మా బిడ్డను ఇస్తున్నాము. అబ్బాయికి బీడీ, సిగరెట్ అలవాటు లేదు గదా?"

ఆ రెండు రాత్రి బీడీల సంగతి తెలియకపోయి ఉంటే, లేదండీ అని చెప్పి ఉండేవాళ్ళమేమో. అతని జేబులో ఉన్నది బీడీ కాదు, సిగరెట్టూ కాదు. మాటకు మాట అది అబద్ధం కాకపోవచ్చు, దేవునియెదుట అబద్ధమే. కాని రహస్యంగా చెప్పినదానిని మేమే బయటపెట్టడం కూడ తగదు. "నాలుగు రోజులలో అబ్బాయే మీతో మాట్లాడతాడు" అని మాత్రం చెప్పాము.

తమ్ముడు ఆ మాట విని వణికిపోయాడు. "సంబంధం తప్పిపోతుందయ్యగారూ." తల్లి ఏడ్చింది. "పెండ్లయినాక చెప్పుకుంటే పోదా అయ్యా? తాగుడు గాదు, జూదం గాదు." మేము ముగ్గురమూ మోకరించి ప్రార్థించాము. తుదకు అతడే లేచి, "పెండ్లయినాక రగ్గు కింద పీల్చలేను గదా" అన్నాడు.

వెళ్ళి చెప్పాడు. ఆ తండ్రి చాల కోపపడ్డారు. వారం రోజులు మా ఫోనుకు కూడ జవాబు ఇవ్వలేదు. ఆ అమ్మాయి మాత్రం తన తండ్రితో, "ఇప్పుడు చెప్పాడు గనుక నాకు తెలిసింది. చెప్పకపోయి ఉంటే ఎన్నేండ్లకు తెలిసేదో. కొంచెం ఆగి చూద్దాం నాన్నా" అన్నదట. పెండ్లి మూడు నెలలు వెనక్కి జరిగింది. తప్పిపోలేదు.

మానదలచినవారికి, ఇంటివారికి

ప్రార్థన చేయండి అని చెప్పి ఊరకుంటే చాలదు. మేము డాక్టరును అడిగి తెలుసుకొన్నవి, తమ్ముడు పాటించినవి ఇక్కడ వ్రాస్తున్నాము.

1. ఒక తేదీ పెట్టుకోండి. దానిని ఇంటిలో ఒక్కరికైనా చెప్పండి. ఒకరితో ఒకరు ఒప్పుకొని, ఒకరికొరకు ఒకరు ప్రార్థించాలని యాకోబు పత్రిక 5వ అధ్యాయం నేర్పుతుంది. రహస్యంలో పెరిగిన అలవాటు రహస్యంలో చావదు.

2. ఆశ పుట్టినప్పుడు అది కొద్ది నిమిషాలే గట్టిగా ఉంటుంది. ఆ నిమిషాలు దాటించండి. నీళ్ళు త్రాగండి, లేచి నడవండి, ఎవరికైనా ఫోను చేయండి. మొదటి వారం కష్టం. చిరాకు, నిద్రలేమి, తలనొప్పి రావచ్చు. కొన్ని వారాలలో తగ్గుతుంది. ఇంటివారు ఆ దినాలలో ఓర్చుకోవాలి.

3. నికోటిన్ గమ్ 2 మిల్లీగ్రాములది మందుల షాపులో దొరుకుతుంది. ఇదియు ఊతకర్రే, కాని దీనిలో ఎంత ఉన్నదో దానిమీద వ్రాసి ఉంటుంది. వారం వారం తగ్గించుకుంటూ పోవచ్చు. దానిని కిళ్ళీ నమిలినట్లు నమలకూడదు. మెల్లగా కొద్దిసార్లు నమిలి, ఘాటు తగలగానే బుగ్గన పెట్టి ఉంచాలి. ఘాటు తగ్గితే మరల నమలాలి. టీ, కాఫీ త్రాగిన పావుగంట వరకు వేసుకోవద్దు. గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా వాడవద్దు. గమ్‌తో కానివారికి డాక్టరు వ్రాసి ఇచ్చే మాత్రలు కూడ ఉన్నాయి.

4. పొగాకు మానదలచినవారికి ప్రభుత్వం ఉచిత ఫోను సేవ నడుపుతున్నది: 1800-11-2356. సిగ్గుపడకుండా మాట్లాడండి.

5. ఇంటిలో వేప్ దొరికితే కోపంతో పొయ్యిలో వేయకండి. మా తమ్ముడి తల్లి అదే చేయబోయింది. లోపలి బ్యాటరీ పేలుతుంది. ద్రవం సీసాను పిల్లలకు అందకుండా ముందుగా తీయండి.

6. తండ్రులారా, తాతలారా, బీడీకట్ట తెమ్మని పిల్లలను బంకుకు పంపవద్దు. పద్దెనిమిదేండ్లలోపు వారికి పొగాకు అమ్మడం 2003 చట్టం ప్రకారం నేరం. మా తమ్ముడి మొదటి దమ్ము ఏదో తెలుసా? పదేండ్ల వయస్సులో తాత బీడీని పొయ్యి నిప్పుకు అంటించి తెచ్చేటప్పుడు ఆరిపోకుండా పీల్చినది.

7. జారిపడితే మరల మొదలుపెట్టండి. జారినవానిని చూసి, మేము ముందే అనుకున్నాము అనవద్దు.

ఇది వ్రాసే నాటికి ఆ తమ్ముడు మాని నలభై దినాలు దాటింది. మధ్యలో ఒక రాత్రి మేస్త్రీలతో ఒక బీడీ కాల్చాడు. మరునాడు ఉదయమే మాకును ఆ అమ్మాయికిని ఫోను చేసి చెప్పాడు. ఆ నలభై దినాలలో మాకు అన్నిటికంటె సంతోషం కలిగించినది ఆ ఫోనే. స్నేహితుని యంత్రాన్ని స్నేహితునికి ఇచ్చివేశాడు. దానితోపాటు జరిగినదంతా చెప్పాడట. పోయిన వారం ఆ స్నేహితుడు బెంగుళూరునుండి మాకు ఫోను చేశాడు. అతడు మన మతస్థుడు కాడు. "అయ్యగారూ, ఏ రకం మంచిదని అడగడానికి కాదు చేసింది" అని మొదలుపెట్టాడు. అతని కొరకు కూడ ప్రార్థించండి.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఆదికాండము 19వ అధ్యాయం 15 నుండి 30 వరకు చదివి, మన ఇంటిలో సోయరు ఏదని ఒకరినొకరు ప్రేమతో అడగండి. పొగాకే కానక్కరలేదు. తండ్రికి పేకముక్కలు కావచ్చు, పిల్లలకు ఫోను కావచ్చు, కాపరులమైన మాకు పొగడ్త కావచ్చు. చిన్నదే గదా అని దేనిని చూపిస్తున్నామో అదే.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా చేతులు మావే అనుకున్నాము, అవి వేరొకదానికి లోబడియున్నవని ఒప్పుకొంటున్నాము. దూరదేశములలో కష్టపడుచున్న మా పిల్లలను కాపాడుము. దాచుకొన్నవానిని వెలుగులోనికి తెచ్చు ధైర్యమును వారికిని, వినునప్పుడు నవ్వని హృదయమును మాకును దయచేయుము. సోయరులో ఆగిపోయిన వారిని చేయిపట్టి కొండకు నడిపించుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.